ఏడో ఆటగాడికి ఏం మిగులుతుంది?

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ యాజమాన్యం పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు దక్కించుకుంది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ సీజన్‌లో ఒక జట్టు మొత్తం ఆటగాళ్ల మీద పెట్టుకోగలిగింది 5 కోట్లే. అంటే సగానికి పైగా సొమ్ము ఒక్క రైడర్‌కే పోయింది. సీజన్ ముగిసేసరికి టైటాన్స్ 22 మ్యాచుల్లో గెలిచింది రెండు. పట్టికలో అట్టడుగు. సిద్దిపేట చాయ్ దుకాణాల దగ్గర ఇలాంటప్పుడు తీర్పు రావడానికి ఎంతోసేపు పట్టదు: "పైసలన్నీ ఒక్కని మీద పోసిన్రు, టీం ఆగమైంది."

ఈ మాట కబడ్డీకే పరిమితం కాదు. సన్‌రైజర్స్ ఓడినా, బార్సిలోనా అప్పుల్లో కూరుకుపోయినా అభిమానుల వేలు ముందు స్టార్ ఆటగాడి వైపే తిరుగుతుంది. వాళ్ల కోరికలే జట్టు ఆటల్ని పాడుచేస్తున్నాయన్నది స్థిరపడిన అభిప్రాయం. కబడ్డీ, క్రికెట్, ఫుట్‌బాల్ అనుభవాల్ని, కొంత బయటి దేశాల చరిత్రను కలిపి చూస్తే అందులో నిజం సగమే కనిపిస్తుంది. స్టార్‌కు ఎంత పోయిందన్నదాని కంటే, జట్టులో ఏడోవాడికి ఎంత మిగిలింది, ఆ మిగిలింది వాడి చేతికి వేళకు అందిందా అన్నదే జట్టు బతుకును తేలుస్తుంది.

టైటాన్స్ లెక్క

ముందు టైటాన్స్‌నే చూద్దాం. పవన్ రాకముందు జట్టు పరిస్థితి ఏమిటి? 8వ సీజన్‌లో 22 మ్యాచులకు ఒక్క గెలుపు. 9వ సీజన్‌లో రెండు. పవన్ వచ్చిన 10వ సీజన్‌లోనూ రెండే. రైడ్ పాయింట్లలో అతను తన వంతు ధారాళంగానే ఇచ్చాడు. కాబట్టి బాగున్న జట్టును పెద్ద ధర ముంచిందనడం కుదరదు. అప్పటికే మునిగి ఉన్న జట్టును పెద్ద ధర పైకి తేలేకపోయింది, అంతే.

ఇది టైటాన్స్‌కు కొత్త కూడా కాదు. 2019లో ఇదే యాజమాన్యం సిద్ధార్థ్ దేశాయ్‌ను 1 కోటి 45 లక్షలకు తీసుకుంది. అతను రైడింగ్‌లో 200 పాయింట్లు దాటాడు, జట్టు మాత్రం పట్టికలో కింది వరుసల్లోనే ఉండిపోయింది. కూతకు వెళ్లేవాడు ఎన్ని పాయింట్లు తెచ్చినా, తన బరిలో ఎదుటి రైడర్‌ను పట్టే కార్నర్లు, కవర్లు లేకపోతే తెచ్చినన్నీ తిరిగి ఇచ్చేయాల్సిందే. అతను ఔటై బయట కూర్చున్నప్పుడు లోపలికి పిలిపించేదీ మిగతా ఆరుగురే.

తమిళ్ తలైవాస్ కథ దీనికి తిరగబడిన రూపం. 9వ సీజన్‌కు ఆ జట్టు ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని అతను సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. సగం పర్సు, అంటే ఆటగాళ్ల మీద పెట్టగలిగిన సొమ్ములో సగం, బెంచీ మీద కూర్చున్నట్టే. అయినా తలైవాస్ ఆ ఏడాదే తొలిసారి సెమీఫైనల్‌కు చేరింది. నరేందర్ అనే కొత్త రైడర్ అందుకున్నాడు, సాగర్ నాయకత్వంలో డిఫెన్స్ గట్టిగా నిలబడింది.

ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయి ప్రయాణం ఇంకా స్పష్టం. పవన్ రికార్డు ధర పలికిన అదే వేలంలో పుణేరి పల్టన్ అతనికి 2 కోట్ల 35 లక్షలు పెట్టి, ఆ సీజన్ కప్పు గెలిచింది. మరుసటి ఏడాది హరియాణా స్టీలర్స్ 2 కోట్ల 7 లక్షలకు తీసుకుంది, అదీ కప్పు గెలిచింది. 2025లో గుజరాత్ జెయింట్స్ 2 కోట్ల 23 లక్షలు పెట్టింది. మొదటి ఎనిమిది జట్లలో కూడా దానికి చోటు దక్కలేదు. ఆటగాడు ఒక్కడే, ధర కాస్త అటూ ఇటూగా అంతే, ఫలితాలు మాత్రం రెండు కొసలు. పుణేరి అప్పటికే అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లను చిన్న ధరల్లో పెంచుకుని ఉంది. పెద్ద ధర ఆ పునాది మీద పడింది కాబట్టి నిలిచింది.

2025 సీజన్‌కు టైటాన్స్ కూడా ఈ దారి పట్టింది. పవన్‌ను వదిలేసి విజయ్ మలిక్‌ను సారథిగా నిలుపుకుంది. భరత్ హూడాకు 81 లక్షలు పెట్టింది, మిగతా సొమ్మును జట్టంతా పరిచింది. క్వాలిఫయర్-2 దాకా వెళ్లి పుణేరి చేతిలో ఓడింది. పవన్‌ను 59 లక్షల 50 వేలకే తలైవాస్ మళ్లీ తీసుకుంది, సీజన్ మొదలైన కొద్ది వారాలకే ఇద్దరి దారులూ వేరయ్యాయి. రెండేళ్లలో రెండున్నర కోట్ల నుంచి అరవై లక్షలకు పడిన ధరను చూస్తే, స్టార్ అడిగిందల్లా ఇచ్చే బజారు ఇది కాదని తెలుస్తుంది.

అడిగింది ఎవరు, పెంచింది ఎవరు?

ఇక్కడే ఒక అపోహను పక్కన పెట్టాలి. మన లీగుల్లో చాలావరకు స్టార్ కూర్చుని "నాకింత కావాలి" అని బేరమాడే వీలే లేదు. ప్రో కబడ్డీ 10వ సీజన్‌లో ఎ కేటగిరీ ఆటగాడి కనీస ధర 30 లక్షలు, డి కేటగిరీకి 9 లక్షలు. ఆ పైన జరిగేదంతా యాజమాన్యాల పోటీ. ఏ ఊరికి ఆడాలో కూడా ఆటగాడి చేతిలో ఉండదు. పాత జట్టు ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు ఎత్తితే, అవతలివాళ్లు పాడిన ధరకే వెనక్కి వెళ్లాలి. రెండు కోట్లు దాటించింది పవన్ కోరిక అనడం కంటే, పోటీ పడిన యాజమాన్యాల పంతం అనడం న్యాయం.

నిజమైన బేరం నడిచేది వేలానికి ముందు, రిటెన్షన్ దగ్గర. "ఉంచుకుంటారా, లేక వేలంలోకి పోనా?" అన్నదొక్కటే ఆటగాడి చేతిలోని ఆయుధం. ఐపీఎల్ 2025కు ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ హెన్రిచ్ క్లాసెన్‌ను 23 కోట్లకు, పాట్ కమిన్స్‌ను 18 కోట్లకు, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్‌లను చెరి 14 కోట్లకు, విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. 120 కోట్ల పర్సులో 75 కోట్లు ఐదుగురికే. వేలంలో ఇషాన్ కిషన్, షమీ, హర్షల్ పటేల్‌లకు మరో 29 కోట్ల పాతిక లక్షలు. జట్టులో తక్కిన వాళ్లందరికీ కలిపి దాదాపు 16 కోట్లు మిగిలాయి. 2024లో ఫైనల్ ఆడిన జట్టు 2025లో ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. మొదటి ముగ్గురు బ్యాటర్లు ఆడిన రోజు కొండంత స్కోరు, ఆడని రోజు ఆదుకునే మధ్య వరుస పలచన. స్టార్లను వదిలేసి ఉంటే గెలిచేదని దీని అర్థం కాదు. పైన పోసినప్పుడు కింద తగ్గే ముప్పు మాత్రం నిజం.

వదులుకున్నవాళ్లు

పర్సుకు హద్దు ఉన్నచోట స్టార్ తీసుకునే ప్రతి రూపాయీ పక్కవాడి వాటాలోంచే పోతుంది. ఈ సంగతిని ఐపీఎల్ తొలినాళ్లలోనే గుర్తించినవాడు మన వీవీఎస్ లక్ష్మణ్. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఐకాన్ ఆటగాళ్లకు ఒక ప్రత్యేక నియమం ఉండేది: జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి కంటే ఐకాన్‌కు 15 శాతం అదనం. సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్ ఆ హోదాలో ఆడారు. లక్ష్మణ్ దాన్ని వద్దన్నాడు, ఆ సొమ్ముతో జట్టును కట్టుకోమన్నాడు.

లెక్క చూస్తే ఆ నిర్ణయం ఎంత పెద్దదో తెలుస్తుంది. డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే అతనికి 15.5 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చేది. 50 లక్షల డాలర్ల పర్సులో ఇద్దరికే సగం దాటిపోయేది. లక్ష్మణ్ 3.75 లక్షల డాలర్లకు ఆడాడు.

ఇంత త్యాగం చేశాక జట్టు గెలిచిందా? లేదు. 14 మ్యాచుల్లో రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది ఆడమ్ గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. స్టార్ అడిగినంత తీసుకుంటే జట్టు చెడుతుందన్న సూత్రం ఎంత తొందరపాటో, వదులుకుంటే బాగుపడుతుందన్న సూత్రమూ అంతే తొందరపాటు. వదులుకున్న సొమ్ముతో ఎవరిని కొన్నారు, వాళ్లను ఎలా ఆడించారు అన్నది యాజమాన్యం పని.

ఆ పని సరిగ్గా జరిగినచోట ఫలితం వేరు. అమెరికా బేస్‌బాల్‌లో షోహెయ్ ఒహ్తానీ 2023 చివర లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అందులో 68 కోట్లు ఆ పదేళ్లు ముగిశాకే తీసుకుంటానన్నాడు. అప్పటిదాకా ఏడాదికి చేతికొచ్చేది 20 లక్షల డాలర్లు. ఆ వెసులుబాటుతో జట్టు ఇంకా మంచి ఆటగాళ్లను చేర్చుకుని 2024, 2025 రెండేళ్లూ విజేతగా నిలిచింది. క్రీడాలోకంలోని అతి పెద్ద ఒప్పందాల్లో ఒకటైన ఇది జట్టును బలపరిచిందంటే, అంకె కంటే దాని అమరిక ముఖ్యమన్నమాట.

అడిగే హక్కు వెనక చరిత్ర

స్టార్ల కోరికలు మితిమీరాయని విసుక్కునేవాళ్లు, అడగడానికే వీల్లేని రోజుల్ని కూడా తలచుకోవాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 1961 దాకా ఎంతటి ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లే గరిష్ఠ వేతనం. మైదానాలు కిక్కిరిసేవి, టికెట్ల డబ్బు యజమానులది. జిమ్మీ హిల్ నడిపిన ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధమైతేనే ఆ హద్దు పోయింది. అమెరికా బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్ తనను అడగకుండా వేరే జట్టుకు పంపడాన్ని ఎదిరించి కోర్టుకెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడాడు, అప్పటికే అతని కెరీర్ ముగిసింది. మూడేళ్లకే ఆ హక్కు తర్వాతి తరానికి దక్కింది. ఐరోపా ఫుట్‌బాల్‌లో ఒప్పందం ముగిసినా ఆటగాడు క్లబ్బుకు కట్టుబడి ఉండాల్సిన పద్ధతిని 1995లో బోస్మన్ కేసు తీర్పు తుడిచేసింది. ఫ్లడ్ పేరున్నవాడే గానీ, బోస్మన్ బెల్జియంలో ఒక మామూలు ఆటగాడు. ఫలం అనుభవించింది మాత్రం ఎక్కువగా స్టార్లు.

మన దగ్గరా ఇలాంటి గొడవలు నడిచాయి. 1989లో అనుమతి లేకుండా అమెరికా, కెనడాల్లో ప్రదర్శన మ్యాచులు ఆడారని బీసీసీఐ ఆరుగురిని నిషేధించింది. కపిల్ దేవ్, వెంగ్‌సర్కార్‌లతో పాటు హైదరాబాదీ అజహరుద్దీన్ కూడా అందులో ఉన్నాడు. ఆటగాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాక నిషేధం తొలగింది. 2007లో గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి హైదరాబాద్ హీరోస్‌కు ఆడాడు. బోర్డు తలుపులు మూసింది. 2009లో క్షమాభిక్ష వచ్చేదాకా అతను దేశవాళీ క్రికెట్‌కు దూరమయ్యాడు. ఇరవైల్లో ఉన్న బ్యాటర్‌కు ఆ రెండేళ్లు ఎవరు తిరిగి ఇవ్వగలరు? ఆటగాడి కెరీర్ పది పన్నెండేళ్లు దాటడం అరుదు. ఒక్క గాయంతో ఆగిపోవచ్చు. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ 2017లో 2.6 కోట్లకు, 2025 సీజన్‌కు 12.25 కోట్లకు అమ్ముడయ్యాడంటే, అది ఆ చిన్న కిటికీ తెరిచి ఉన్నప్పుడు దక్కిన న్యాయమైన ధర.

స్టార్ వల్ల నిజంగా చెడిన సందర్భాలు

అలాగని స్టార్ల తప్పు ఏమీ లేదనడం కూడా సరికాదు. ఐపీఎల్‌లో అమ్ముడుపోయి, జట్టు ప్రణాళికంతా వేసుకున్నాక తప్పుకున్న విదేశీ ఆటగాళ్లు ఉన్నారు. అందుకే బోర్డు రెండేళ్ల నిషేధం తెచ్చింది. 2025లో ఢిల్లీ 6.25 కోట్లకు కొన్న హ్యారీ బ్రూక్ తప్పుకుని ఆ నిషేధానికి గురయ్యాడు. ఇక్కడ నష్టం డబ్బుది కాదు, పర్సులో ఆ డబ్బు మిగిలినా వేలం అయిపోయాక అంతటి ఆటగాడు దొరకడు.

బార్సిలోనా సంగతి ఇంకా పెద్దది. లియోనెల్ మెస్సీ 2017లో చేసుకున్న ఒప్పందం విలువ నాలుగు సీజన్లకు 55 కోట్ల యూరోలకు పైనే అని 2021లో స్పెయిన్ పత్రిక ఒకటి బయటపెట్టింది. ఆ ఆగస్టులో మెస్సీ సగం జీతానికి ఉంటానన్నా, లీగ్ వేతన పరిమితి దాటిన క్లబ్బు అతన్ని నమోదు చేయలేకపోయింది. అప్పు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడు లపోర్తా ప్రకటించాడు. అయితే ఆ అప్పంతా మెస్సీ ఖాతాలోది కాదు. కుటిన్యో, డెంబెలే, గ్రీజ్‌మన్‌ల కోసం వందేసి మిలియన్లు కుమ్మరించిందీ, వాళ్లకూ భారీ జీతాలు కట్టిందీ క్లబ్బే. ఒకరి ధర పెరిగితే పక్కవాడు అదే కొలబద్దతో అడుగుతాడు. స్టార్ ఒప్పందం చేసే అసలు నష్టం అది, దాన్ని ఆపే బాధ్యత సంతకం చేసేవాడిది.

జట్లు కూలింది ఎక్కడ?

తెలుగు నేల మీద పూర్తిగా కనుమరుగైన రెండు పెద్ద జట్లున్నాయి. రెండింటిలో ఏదీ స్టార్ కోరికల వల్ల పోలేదు. డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచిన మూడేళ్లకే, 2012 సెప్టెంబరులో, యాజమాన్యం ఆర్థికంగా చితికిపోయి ఐపీఎల్ నుంచి తొలగింది. ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీది ఇంకా బాధాకరం. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ విజేత అయింది. ఓగ్‌బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, మనోలో మార్కెజ్ శిక్షణలో కుర్రాళ్లు మెరిశారు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలు, ఫిఫా నిషేధాలు, ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన ఆటగాళ్లు. 2023-24లో ఒక్క గెలుపుతో అట్టడుగు. చివరికి చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది.

అక్కడ ఆటగాళ్లు ఎక్కువ అడగలేదు. ఒప్పుకున్నది ఇమ్మన్నారు. స్టార్‌కైతే ఇంకో క్లబ్బు ఉంటుంది, ఫిఫాకు వెళ్లే లాయరు ఉంటాడు. నెల జీతం మీద ఇల్లు నడిపే బెంచీ ఆటగాడికి ఆ రెండూ ఉండవు.

వాటా ఎంత?

ఇప్పుడు మొత్తం సొమ్ములోకి చూద్దాం. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంటే ఏడాదికి 9,678 కోట్లు. 2025లో పది జట్ల పర్సులన్నీ కలిపినా 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులు పక్కన పెడితే ప్రసార సొమ్ములోనే ఆటగాళ్ల వాటా ఎనిమిదో వంతు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లదని ఒప్పందంలోనే రాసుకున్నారు. ప్రో కబడ్డీలో 2021 నుంచి ఐదు సీజన్ల హక్కులు 908 కోట్లకు పోయాయి, పన్నెండు జట్ల పర్సు 60 కోట్లు. వాటా మూడో వంతు. అక్కడ లీగ్ నడిపే సంస్థలో ప్రసారకర్తకే పెద్ద వాటా ఉందన్నది గుర్తుంచుకుని ఈ అంకెను చదవాలి. ఏ రకంగా చూసినా, స్టార్లు లీగును దోచేస్తున్నారన్న మాటకు ఈ లెక్కల్లో బలం లేదు.

బలం ఉన్నది ఇంకో ఫిర్యాదుకు. ఐపీఎల్ 2025 సీజన్ వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లు పలికితే, కనీస ధర 30 లక్షలు: తొంభై రెట్ల తేడా. కబడ్డీలో పవన్‌కూ డి కేటగిరీ ఆటగాడికీ దాదాపు 29 రెట్లు. రంజీలో కొత్త ఆటగాడికి దక్కేది రోజుకు 40 వేలు, అదీ మ్యాచ్ ఉన్న రోజే. స్టార్‌కూ బోర్డుకూ మధ్య వాటా ఒక గొడవ, స్టార్‌కూ ఏడోవాడికీ మధ్య వాటా ఇంకో గొడవ. జనం రెండోదానికి కోపం తెచ్చుకుని మొదటిదాంట్లో బోర్డు పక్షం వహిస్తున్నారు.

ఐపీఎల్ తెచ్చిన 18 కోట్ల హద్దు ఈ గందరగోళానికి మంచి ఉదాహరణ. చిన్న వేలాల్లో విదేశీ ఆటగాడు ఎంత పలికినా అతనికి దక్కేది 18 కోట్లే. 2025 డిసెంబరులో కోల్‌కతా కామెరాన్ గ్రీన్‌ను 25.20 కోట్లకు కొంది. మిగిలిన 7.20 కోట్లు బోర్డు సంక్షేమ నిధికి. కోల్‌కతా పర్సులో కోత మాత్రం 25.20 కోట్లే. జట్టులో ఏడోవాడికి ఒక్క రూపాయి కూడా పెరగలేదు.

సిద్దిపేట నుంచి చూస్తే

2016 అక్టోబరులో జిల్లా అయిన సిద్దిపేటకు ఈ కోట్ల లెక్కలు దూరంగా కనిపిస్తాయి గానీ, పద్ధతి మాత్రం ఇక్కడికీ వచ్చేసింది. పండగ పూట ఊళ్లలో జరిగే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీల్లో కప్పు కోసం బయటి ఊళ్ల నుంచి పేరున్న ఆటగాడిని తేవడం మామూలు. అతని రాకపోకలు, ఖర్చులు దాతలు భరిస్తారు. చందా అంతా అటు పోతే ఊరి పిల్లలకు బూట్లూ ఉండవు, బరిలో చోటూ ఉండదు. కప్పు ఊరికి వస్తుంది, ఆట రాదు. తెలుగు టైటాన్స్‌లో తెలుగు ఆటగాళ్లు ఎందుకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారన్న ప్రశ్నకు సమాధానం కొంత ఇక్కడే ఉంది. హరియాణా గ్రామాల అఖాడాలు, మహారాష్ట్ర మండళ్లు ఏళ్ల తరబడి కుర్రాళ్లను తయారు చేశాయి. ఇక్కడ ఆ సొమ్ము ఎక్కువగా ఒక్క రోజు ఆటకే ఖర్చవుతోంది.

ఏం చేయాలి? స్టార్ ధరకు మూత పెట్టడం వల్ల లాభం లేదని గ్రీన్ ఉదంతం చెబుతోంది. కనీస ధరను పర్సుతో ముడిపెట్టాలి: పర్సు పెరిగినప్పుడల్లా అట్టడుగు ఆటగాడి జీతమూ అదే శాతంలో పెరగాలి. సీజన్ మొదలయ్యేలోపు ప్రతి యాజమాన్యం జీతాల మొత్తానికి బ్యాంకు గ్యారంటీ కట్టాలి. అది కచ్చితంగా అమలై ఉంటే హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లు బకాయిల కోసం దేవులాడే పని ఉండేది కాదు. ఆడుతున్న ఆటగాళ్లకు సంఘం ఉండాలి. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లకే పరిమితం. ఇక్కడ స్టార్ల మీద పెట్టదగ్గ అసలు ఫిర్యాదు ఒకటుంది. బోర్డు మాట కాదనగల బలం వాళ్లకే ఉంది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో పేరున్న ఆటగాళ్లు ఆ బలాన్ని సంఘం కోసం వాడారు. మన స్టార్లు ఇప్పటిదాకా తమ ఒప్పందానికే వాడుకున్నారు.

కాబట్టి వచ్చే వేలంలో ఎవరికి ఎన్ని కోట్లని నోరెళ్లబెట్టే ముందు, ఆ జట్టు ఆఖరి ఐదుగురిని ఎంతకు కొన్నదో చూడాలి. ఊరి టోర్నీలో అయినా సరే, చందా ఇచ్చే ముందు అదే అడగాలి. స్టార్ తన ధర తను అడుగుతాడు, అది అతని హక్కు. ఏడోవాడి తరఫున అడగాల్సింది మాత్రం టికెట్ కొనే మనమూ, అడిగే బలమున్న ఆ స్టారూ.